నీళ్ళు నిలవని తొట్టి

చర్చి వేదికకి అడ్డంగా తెర వేసి, మీద చెక్కలు తీసేశారు. కింద బాప్తిస్మపు తొట్టి. మోకాళ్ళ లోతు నీళ్ళలో పైపుల మేస్త్రి నిలబడి ఉన్నాడు, గట్టు మీద ఆయన కూతురు. కాసేపట్లో మేస్త్రి భార్య జ్ఞాపకార్థ కూడిక. ఆ కూడికలోనే మేస్త్రికి బాప్తిస్మం ఇస్తామని ఊరంతా చెప్పేశారు.

"ఇదేంటి నాన్నా, పెరగాల్సిన నీళ్ళు తగ్గుతున్నాయి?"

"అదే చూస్తున్నా. అడుగున మూత పట్టట్లేదు. రబ్బరు వాషరు అరిగిపోయినట్టుంది."

"నిన్న మార్చానన్నావుగా."

"నిన్న మార్చింది పై వాషరు. ఇది కింది వాషరు."

"ఒక్క మూతకి ఎన్ని వాషర్లుంటాయి?"

"ఉంటాయిలే. నీకు తెలీదు."

"నాకా తెలీదు? అక్షరాలు రాకముందే రెంచీ పట్టుకున్నదాన్ని. నువ్వు మిద్దెల మీద ట్యాంకులు బిగిస్తుంటే కింద నిలబడి పైపులు అందించింది ఎవరనుకున్నావు?"

"రెంచీ అంటే గుర్తొచ్చింది. ఆ పెద్దది ఇలా అందుకో."

"అందుకోను. ముందు నువ్వు పైకి రా. బట్టలు మార్చుకో. కుర్చీలు వేసేవాళ్ళు వచ్చేశారు. పాస్టరు గారు కూడా తయారైపోయారట."

"తయారవనీ. కూడిక మీ అమ్మ కోసం. పాటలు పాడుకుంటారు, ఆవిడ మంచి నలుగురూ చెప్పుకుంటారు. దానికి తొట్టెందుకు?"

"దానికి కాదు. నీకు."

"నీళ్ళే లేకపోతే ఏం చేస్తాం అమ్మలూ? ఇంకో రోజు పెట్టుకోమందాం."

"నాన్నా, నీ కుడి కాలు తియ్యి."

"ఎందుకు?"

"తియ్యి ఒకసారి."

"తిమ్మిరెక్కిందే. కదలట్లేదు."

"ఆ కాలి కింద ఏముందో నాకు కనిపిస్తోంది. మూత పక్కకి జరిపి, దాని మీద మడమ పెట్టుకుని నిలబడ్డావు. అవునా?"

"కొంచెం జరిపానంతే. అడుగున మట్టి పోవాలి కదా."

"నిన్నటి నుంచీ ఇదే నాటకమా? ఒక పక్క పంపు తిప్పడం, ఇంకో పక్క మూత తియ్యడం. ఇన్నేళ్ళుగా ఎవరి బాప్తిస్మానికైనా తొట్టి నింపింది నువ్వే. ఒక్కసారన్నా నీళ్ళు నిలవలేదని ఎవరైనా అన్నారా? నీ వంతు వచ్చేసరికి చిల్లి పడిందా?"

"అరవకు. బయట జనం ఉన్నారు."

"అరవట్లేదు. అడుగుతున్నా. ఇదిగో, ఇది చూడు. ఇంటి నుంచి తెచ్చా."

"ఏంటది?"

"అంగీ. తెల్లంగీ."

"అదెక్కడ దొరికింది నీకు?"

"అమ్మ పెట్టెలో, అన్నిటికన్నా అడుగున. సంఘంలో అందరి అంగీలూ అమ్మే కుట్టేదిగా. అవన్నీ ఇక్కడ చర్చి బీరువాలో ఉంటే, ఇదొక్కటే ఇంట్లో దాచుకుంది. ఈ పొడుగు చూడు. నీ కొలతే. బట్ట ఎంత మెత్తబడిపోయిందో. ఏటా తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ దాచుకునేదేమో పాపం. ఈ ఏడన్నా మా ఆయన తొడుక్కుంటాడేమోనని."

"మడిచి పెట్టెయ్."

"చేతిలోకి తీసుకుని చూడవా?"

"నా చేతులు తడి. పెట్టెయ్, తడిసిపోతుంది."

"తడవడానికే కదా నాన్నా కుట్టింది."

"పెట్టెయ్యమన్నానా?"

"సరే, పెట్టేశా. కోపమెందుకు? నువ్వే కదా చెయ్యెత్తావు. నీ మెడ మీద కత్తి పెట్టి ఎవరైనా ఎత్తించారా?"

"చెయ్యెత్తలేదు."

"ఎత్తలేదా? సమాధి దగ్గర అంతమంది ముందు..."

"అంతమందీ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన జరుగుతోంది కదా. నువ్వు కూడా మూసుకున్నావు. నేను మూసుకోలేదు. నా చూపంతా శవపెట్టె దించే తాళ్ళ మీద ఉంది. అటు పక్క పట్టుకున్నవాడు తాడు వదులు చేశాడు. పెట్టె తల వైపు ఒరిగిపోతోంది. మీ అమ్మ తల వైపు. ఆపరా అని చెయ్యెత్తా."

"నాన్నా..."

"సరిగ్గా అప్పుడే పాస్టరు గారు అడిగారట, ఈ సహోదరి కన్నీటి ప్రార్థనకు ఈ రోజన్నా జవాబివ్వాలనుకునేవాళ్ళు చెయ్యెత్తండి అని. నేను విన్లేదు. ఆయన కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ప్రభువుకి స్తోత్రం, మేస్త్రి గారు చెయ్యెత్తారు అన్నారు. అందరూ కళ్ళు తెరిచేసరికి నా చెయ్యి ఇంకా పైనే ఉంది."

"అయ్యో."

"వాడు తాడు ఇంకా సరిచెయ్యలేదు. చెయ్యెలా దించను?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా, అది కాదండీ అని."

"ఎవరు చెప్పనిచ్చారు? సంఘమంతా మీద పడి కౌగిలించుకుంది. ఒకరి తర్వాత ఒకరు. పాస్టరమ్మ గారైతే నా చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చారు. భార్యని మట్టిలో పెట్టి పక్కకి తిరిగితే అందరూ నన్ను అభినందిస్తున్నారు. ఏమని చెప్పను? తాడు కోసం ఎత్తానని చెప్పనా?"

"నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు నాకు."

"మీ అమ్మయితే నవ్వేది."

"పగలబడి నవ్వేది. కొంగు నోట్లో కుక్కుకుని, ఇంక ఆపుకోలేక. నవ్వడం అయ్యాక స్తోత్రం ప్రభువా అనేది."

"దేనికైనా స్తోత్రమేగా ఆవిడకి. పోయిన స్పానరు దొరికితే స్తోత్రం. దొరక్కపోతే, కొత్తది కొనుక్కునే ఓపికిచ్చావని స్తోత్రం."

"నీ పనిముట్ల సంచీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే గడప దాటనిచ్చేది."

"నేను ఆలస్యమైపోతోందే అని గింజుకునేవాణ్ణి. ఉండండి, ఆయనతో మాట్లాడుతున్నాగా అనేది. ఆయనేదో వంటింటి గట్టు మీద కూర్చున్నట్టు."

"అమ్మ దేవుడితో మాట్లాడుతుంటే పక్కింటావిడతో తగువేసుకున్నట్టే ఉండేది. ఏమయ్యా, నిన్న చెప్పాను కదా, వినపడలేదా అని. నాకు జ్వరమొచ్చినప్పుడల్లా అదే వరస. ఇదిగో చూడు, పిల్ల మూలుగుతోంది, నువ్వేమో తీరిగ్గా కూర్చున్నావు అని. ఈలోపు పొయ్యి మీద పాలు పొంగిపోయేవి."

"పాలు పొంగనిది ఏ రోజులే."

"నాన్నా, ఒక్క మాట అడుగుతా. అలాంటి మనిషి పక్కన ఇన్నేళ్ళు బతికావు. నీకెప్పుడూ ఏమీ అనిపించలేదా?"

"అంటే?"

"అంటే నమ్మాలని."

"మూత సంగతి చూడనీ."

"మూత సంగతి నేను చూస్తాలే. జరుగు. కాలు తీశావా? ఇదిగో, మూసేశా. చూడు, పెరుగుతున్నాయి. రబ్బరూ లేదు, అరుగుడూ లేదు."

"చీర తడిపేసుకున్నావు."

"తడవనీ. నాకు జవాబు చెప్పు. ప్రతి ఆదివారం చర్చికొచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడివి. ప్రభు బల్ల రొట్టె పళ్ళెం నీ దాకా వస్తే పక్కవాళ్ళకి ఇచ్చేసి బయటికి చూస్తుండేవాడివి. నిన్ను అలా చూసినప్పుడల్లా నాకే తలకొట్టేసినట్టుండేది. అమ్మకెలా ఉండేదో."

"ఆవిడకేమీ ఉండేది కాదు."

"నీకేం తెలుసు? శుక్రవారం స్త్రీల కూడికకి నువ్వెప్పుడైనా వచ్చావా? నేను వెళ్ళేదాన్ని. ప్రతివారం ఎవరో ఒకరు లేచేవారు. మన మేస్త్రి భార్య కోసం ప్రార్థిద్దాం, పాపం ఇన్నేళ్ళయినా ఆమె భర్త మారలేదు అని. అందరూ చుట్టూ చేరి అమ్మ మీద చేతులు పెట్టేవాళ్ళు. అమ్మ తల దించుకుని కూర్చునేది. ఒక్కసారి కూడా ఒక్క మాట అనలేదు. ఆ జాలి అంతా మోసింది నాన్నా, నీ వల్ల."

"తెలుసు."

"తెలుసా?"

"ఇంటికొచ్చి చెప్పేదిగా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు. ఒకసారి అన్నాను. పోనీవే, నలుగురి ముందూ మునిగేస్తాను, నీకీ తలవంపులు తప్పుతాయి అని."

"అని?"

"వద్దంది."

"ఎవరు? అమ్మా?"

"ఆవిడే."

"అబద్ధం. తనకి దేవుడు ఒక్కటే కోరిక తీరుస్తానంటే అమ్మ ఏం కోరుకునేదో సంఘంలో చంటిపిల్లలక్కూడా తెలుసు. అలాంటిది అమ్మ వద్దంటుందా? పోయినావిడ మీద వేసి చెప్పడానికి నోరెలా వచ్చింది నీకు?"

"సరే, అబద్ధమే అనుకో."

"అలా తప్పించుకోకు."

"తప్పించుకోడానికి దారేదీ? చుట్టూ పలకలే. మెట్ల మీద నువ్వు కూర్చున్నావు."

"నేను లేవను. ఈ రోజు నువ్వు అవునని చెప్పేదాకా లేవను. నాన్నా, నేను నిన్ను నమ్మమనట్లేదు. నీ మనసులో ఏముందో నాకొద్దు. ఒక్కసారి మునిగి లే. అమ్మ కోసం. బతుకంతా జనాల కాలవల్లోకి, మురుగు గుంటల్లోకి దిగావు. ఎవరు పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి మెడలోతు బురదలో మునిగావు. అమ్మ కోసం ఇంత మంచి నీళ్ళలో ఒక్క మునక మునగలేవా?"

"మునిగితే ఆవిణ్ణి కాదన్నట్టే అమ్మలూ."

"అదెలా?"

"అదంతే."

"నాకర్థమయ్యేలా చెప్పు."

"నీకు ఆ లారీ డ్రైవరు గుర్తున్నాడా? ఆసుపత్రిలో."

"ఏ డ్రైవరు?"

"మీ అమ్మ వారానికోసారి వార్డుకి వెళ్ళేదిగా. ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకుని, మంచం మంచానికీ తిరిగి, మొహాలు తుడిచి, ప్రార్థన చేసి వచ్చేది. అక్కడొకడు ఉండేవాడు. వెనకా ముందూ ఎవరూ లేరు. అమ్మా, నాకు బాప్తిస్మం కావాలి అని అడిగాడు."

"ఆఁ, గుర్తొచ్చింది. పాస్టరు గారికి ఫోన్ చేసిందిగా."

"చేసింది. ఆయన ఎక్కడో పెళ్ళి చేయిస్తున్నారు. వస్తున్నా, నేనొచ్చేదాకా ఆగు అన్నారు. ఆగింది. చేతిలో గ్లాసు, గ్లాసులో నీళ్ళు. పక్కనే ఆ మనిషి, ఇంకెంతసేపమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. అడుగుతూ అడుగుతూ పోయాడు."

"అమ్మ ఆ తర్వాత చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు."

"పాస్టరు గారొచ్చాక అడిగింది. అయ్యగారూ, నేనే రెండు చుక్కలు చల్లి ఉంటే ఏమయ్యేదండీ అని. ఆయనకి కోపం వచ్చింది. అభిషేకం లేని చెయ్యి, అందులోనూ ఆడమనిషి చెయ్యి, అది బాప్తిస్మం కాదు, ధిక్కారం అన్నారు. ఇంకోసారి ఆ మాటంటే బల్లకి దూరం పెడతానన్నారు. అంటే ఇంక రొట్టె లేదు, వార్డుకి వెళ్ళడం లేదు."

"అమ్మ ఏమంది?"

"ఆవిడేమంటుంది? ఈ వేదిక తుడవడానికి ఎక్కేది, తుడిచేసి దిగిపోయేది. చీపురు లేకుండా ఒక్కసారి ఎక్కలేదు. సరే అయ్యగారూ అని వచ్చేసింది. ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు. దేవుడితో కూడా మాట్లాడలేదు. నాకు భయమేసింది. మీ అమ్మ దేవుడితో పోట్లాడకుండా ఉంటే ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ శనివారం ఇక్కడికి వచ్చాం, మర్నాడు ఎవరివో బాప్తిస్మాలు ఉంటే తొట్టి నింపడానికి. ఇద్దరమే."

"వచ్చి?"

"వచ్చి ఏముంది, నింపాం."

"నింపి?"

"నింపి, పైపు కారుతుంటే బిగించా. ఆవిడ అంగీలు ఇస్త్రీ చేసింది. వెళ్ళిపోయాం."

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు మరి?"

"నువ్వే అడిగావు."

"నేనడిగింది ఇది కాదు. అమ్మని ఎలా కాదన్నట్టవుతుందో చెప్పమన్నాను."

"పంపు కట్టెయ్. నీళ్ళు నిండాయి."

"మేస్త్రి గారూ, లోపలికి రావచ్చా?"

"రండి అయ్యగారూ."

"వందనాలు పాస్టరు గారూ. నాన్న వచ్చేస్తున్నారు. ఇదిగో, నీళ్ళు కూడా నిండిపోయాయి."

"నిండాయి, నిండాయి. ప్రభువుకి స్తోత్రం. ఇంకా పని బట్టల్లోనే ఉన్నారేంటి మేస్త్రి గారూ? హాలు నిండిపోయింది. బయట కూడా నిలబడ్డారు. ఈ సంఘంలో ఇంతమంది నేనెప్పుడూ చూడలేదు. ఆసుపత్రి నుంచి నర్సులు కూడా వచ్చారమ్మా, మీ అమ్మ కోసం."

"నర్సులా?"

"వార్డులో పనిచేసేవాళ్ళట. డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చారు. ఆమె ఒక్క రోజు రాకపోతే పేషెంట్లు అడిగేవారట, వేడినీళ్ళమ్మ రాలేదా అని."

"విన్నావా నాన్నా?"

"విన్నా."

"మరి రండి. ముందు మీ బాప్తిస్మం, తర్వాత సాక్ష్యాలు. నేను ఆలోచించే అలా పెట్టాను. ఆమె జీవితకాలపు ప్రార్థనకి జవాబు ముందు జనం కళ్ళతో చూడాలి."

"అయ్యగారూ, నేను మునగనండి."

"నాన్నా."

"ఏమైంది మేస్త్రి గారూ? భయమా? నీళ్ళంటే మీకేం భయం?"

"భయం కాదండి."

"చెయ్యెత్తారు కదా. దేవుని ముందు, సమాధి ముందు."

"ఆ చెయ్యి... అది వేరే సంగతండి. మా అమ్మాయి చెబుతుంది."

"చూడండి, మీతో నేనెప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. ఈ రోజు మాట్లాడక తప్పదు. జనం ఏమనుకుంటున్నారో మీకు తెలీదు. సంఘ పెద్దల్లోనే ఒకరు నాతో అన్నారు, ఊరందరి కోసం ప్రార్థించింది, కట్టుకున్నవాణ్ణి మార్చుకోలేకపోయింది, ఇంక ఆమె ప్రార్థనలో బలమేముంది అని. నాకు మనసు చివుక్కుమంది. ఇప్పుడు నేను బయటికెళ్ళి మేస్త్రి రానన్నాడని చెబితే, అందరూ అదే అంటారు. ఆమె ప్రార్థన వృథా అయిందంటారు. ఆమె పేరు మీద ఆ మాట పడనిస్తారా?"

"వృథా అవలేదండి."

"మరి నిరూపించండి. దిగండి నీళ్ళలోకి."

"నీళ్ళలోనే ఉన్నాను కదండీ."

"నాన్నా, వేళాకోళం వద్దు. దండం పెడతా."

"సరే, సూటిగా అడుగుతాను. మీకు యేసుప్రభువు మీద విశ్వాసం ఉందా, లేదా?"

"ఉందండి."

"ఏమన్నావు నాన్నా?"

"ఉందమ్మా. చాలా ఏళ్ళయింది."

"ఉంటే మరి బాప్తిస్మానికేం అడ్డు? నాకర్థం కావట్లేదు మేస్త్రి గారూ."

"ఒకటే బాప్తిస్మం అని మీరే చెబుతారు కదండీ. రెండోది ఉండదని."

"అవును. అంటే... మీకు అయిపోయిందా? ఎక్కడ? వేరే సంఘంలోనా?"

"ఈ సంఘమేనండి. ఈ తొట్టే."

"ఈ తొట్టిలో నాకు తెలియకుండా ఎవరికీ బాప్తిస్మం జరగలేదు. ఎవరిచ్చారు మీకు?"

"నాన్నా, ఆగు."

"ఎవరిచ్చారో చెప్పండి."

"నాన్నా, చెప్పకు. వద్దు. పాస్టరు గారూ, నాన్న మునుగుతారండి. ఇదిగో అంగీ, ఇప్పుడే తొడిగిస్తాను. నాన్నా, నా మాట విను, నోరు విప్పకు. బయట అంతమంది అమ్మ కోసం వచ్చారు. ఈ ఒక్క రోజు, ఒక్క మునక, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు."

"ఇంతసేపూ మునగమని ఏడిపించావు. ఇప్పుడు అర్థమైందా?"

"అర్థమైంది. అర్థమైంది కాబట్టే వద్దంటున్నా."

"నువ్వు పైకి లే తల్లీ. మెట్లకి దారి వదులు."

"ఏంటిది? ఇద్దరూ ఏం దాస్తున్నారు? మేస్త్రి గారూ, మిమ్మల్ని ముంచి లేపిన చేతులెవరివి?"

"మొన్న పెట్టెలో గుండెల మీద మడిచి పెట్టాం కదా అయ్యగారూ, ఆ చేతులేనండి."